రెప్ప వేయని సాక్షి

ఆ రోజు ఉదయం వాచీల మావయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, సాయంత్రం గ్రంథాలయం హాల్లో ముందు వరుసలో కూర్చోవాలి. భార్య రాసిన పుస్తకం ఆవిష్కరించగానే అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టి, అందరికంటే చివర ఆపాలి. అంతకు మించి లోకం తన నుంచి ఏమీ ఆశించదని ఆయన గట్టి నమ్మకం.

వాచీలు బాగుచేస్తాడు కాబట్టి ఆయన ఆ వీధి మొత్తానికీ వాచీల మావయ్య. ఆయన భార్య తీగమ్మ. కన్నవాళ్లు ఏ పేరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు, ఎందుకంటే వయసులో ఉండగా ఆవిడ ఆకాశంలో ఉక్కు తీగ మీద నడిచింది. ఎగ్జిబిషన్లలో నడిచింది, నది మీద నడిచింది, అన్నిటికీ మించి కాగితం మిల్లు పొగగొట్టాలు రెండింటి మధ్య తీగ కట్టించి, కింద వల కూడా వద్దని, ఇటు నుంచి అటు నడిచి ఊరంతటి చేతా నోరు తెరిపించింది. ఆ కథ వినకుండా మావయ్య దుకాణంలోంచి వాచీ పట్టుకెళ్లినవాడు లేడు. స్ప్రింగు మారుస్తూ మొదలుపెడితే ముల్లు బిగించేసరికి తీగమ్మ అవతలి గొట్టం చేరేది. తొందరున్నవాళ్లు వాచీ వదిలేసి పారిపోయేవారు గానీ ఆయన కథ వదిలేవాడు కాదు. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త విశేషం చేరేది కూడా. పెళ్లాం గొప్పతనం చెప్పుకోవడానికి మొహమాటపడే మగవాళ్లను చూస్తే మావయ్యకు జాలి.

అలాంటి తీగమ్మ తన జీవితాన్ని తానే కూర్చుని రాసింది. అచ్చయ్యేదాకా ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ‘అటు చివర’ అని పేరు పెట్టింది. ఆ ఉదయం మొదటి ప్రతి ఇంటికి రాగానే మావయ్య చేతిలో పెట్టింది. ఆయన అట్ట తిప్పి, అంకితం ఉన్న పేజీ చదివాడు.

‘కింద నిలబడి, రెప్ప వేయకుండా నన్నే చూస్తూ, ఆ చూపుతోనే నన్ను అవతలికి నడిపించిన మా ఆయన కళ్లకు.’

మావయ్య అట్ట గబుక్కున మూసేశాడు. ఎందుకంటే వెంట్రుకంత స్ప్రింగును పూటంతా చూడగలిగిన ఆ కళ్లు, తీగమ్మ తీగ మీద కాలు పెట్టగానే వాటంతటవే మూతపడేవి. చప్పట్లు వినబడ్డాకే తెరుచుకునేవి. పెళ్లయిన నాటి నుంచీ ఆయన ఆవిడ నడక ఒక్కటంటే ఒక్కటి చూసిన పాపాన పోలేదు. మిల్లు దగ్గర నడిచిన రోజున ఫోటోలు తియ్యమని ఆవిడే మెడలో కెమెరా వేస్తే, అది కూడా కళ్లు మూసుకునే నొక్కాడు. తర్వాత రీలుకు వెలుతురు తగిలి పాడైపోయిందని చెప్పాడు.

"నచ్చిందా అండీ?" అంది తీగమ్మ.

"నచ్చకపోవడమేంటి! నా కళ్లకు అంకితమంటే... కొంచెం పెద్ద మాట కదూ."

"ఉన్నమాటేగా," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఇంతలో ప్రచురణకర్త ఫోను చేశాడు. మామూలుగానే హడావిడి మనిషి, ఆ రోజు మరీ గాభరాగా ఉన్నాడు. "సార్, కొంప మునిగింది. ముఖ్య వక్తకి గొంతు పోయింది. అది చాలదన్నట్టు, సమీక్షకని ముందే కాపీ పంపిన విలేకరి ఇవాళ పేపర్లో ఏం రాశాడో చూశారా? మిల్లు మీద నడకకి ఒక్క ఫోటో కూడా లేదేం, ఇది ఆత్మకథా నవలా అని! పుస్తకాల షాపువాళ్లు ఏ అలమరలో పెట్టమంటారని అడుగుతున్నారు. సాయంత్రం మీరే మాట్లాడాలి. ఆ రోజు చూసిన జనం ఇప్పుడు ఎక్కడెక్కడున్నారో, కళ్లారా చూసి చెప్పగలిగేది మీరే కదా! లేదంటే ప్రతి కాపీ మీదా నవల అని చీటీ అంటించాల్సిందే సార్."

తీగమ్మ వచ్చి ఫోను లాక్కుంది. "నవలా? నా అరికాళ్లు కాయలు కాసింది కట్టుకథ కోసమా? ఆయన మాట్లాడతారు. మా ఆయన కంటే బాగా ఎవరు చెప్తారు?"

ఆవిడ మొహంలో ఆ పౌరుషం చూసి మావయ్య ఎప్పటిలాగే పొంగిపోయాడు. తర్వాత విషయం తలకెక్కి చల్లబడ్డాడు. రోజూ దుకాణంలో చెప్పేది వేరు, అక్కడ అడిగేవాడు లేడు. హాల్లో అందరి చేతుల్లో పుస్తకం ఉంటుంది, ఎదురుగా ఆ విలేకరి ఉంటాడు. ఒక్క మాట తేడా వస్తే పోయేది తన పరువు కాదు, ఆవిడ జీవితం నవలైపోతుంది.

అందుకని చిన్న నాటకం ఆడాడు. కూతురు గుమ్మంలో అడుగు పెట్టేసరికి కళ్లు నులుముకుంటూ, "ఏంటోనమ్మా, పొద్దుట్నుంచీ కళ్లు మండుతున్నాయి. సభకి రాలేనేమో," అన్నాడు.

కూతురు బడిలో లెక్కల టీచరు. వాయిదా అనే మాట ఆవిడకు పడదు. "ఇవాళ కళ్ల జబ్బేంటి నాన్నా! పదండి," అని చెయ్యి పట్టుకుని సందు చివర కళ్ల డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. డాక్టరు చూసి, ఈ వయసులో ఇంత శుభ్రమైన కళ్లు తాను చూడలేదని మెచ్చుకున్నాడు. ఎందుకైనా మంచిది లోపల కూడా చూద్దామని రెండు కళ్లలోనూ చుక్కలు వేశాడు.

"కంగారు పడకండి, కంటిపాప పెద్దదవుతుంది. రాత్రి వరకూ అంతా మసగ్గానే ఉంటుంది. వెలుగు అసలు పడదు. ఈ నల్లద్దాలు పెట్టుకోండి," అన్నాడు.

"చూశారా, మీ కళ్లకేం లేదంట!" అంది కూతురు సంతోషంగా.

ఇంటికొచ్చాక మావయ్యకు తన తెలివితేటల పూర్తి స్వరూపం అర్థమైంది. సభ తప్పలేదు సరికదా, మిల్లు అధ్యాయం గబగబా చదివేసి గట్టెక్కే దారి కూడా మూసుకుపోయింది. పేజీ తిప్పితే అక్షరాల బదులు చీమలు కదులుతున్నాయి. చదివి వినిపించమని కూతుర్ని అడిగితే, "మీరు రోజూ చెప్పేదే కదా నాన్నా, మీకెందుకు వినడం?" అని చీర మార్చుకోవడానికి వెళ్లిపోయింది. చివరికి భార్య దగ్గరే చేరాడు.

"అవునోయ్, ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందంటావ్?"

"మీకు తెలీదా?"

"నాకు తెలుసు. నీకు గుర్తుందో లేదోనని."

"నాకు గుర్తుండబట్టే కదా రాశాను," అంది తీగమ్మ జడ వేసుకుంటూ.

హాలు కిక్కిరిసి ఉంది. నల్లద్దాలతో, కూతురి భుజం పట్టుకుని తడుముకుంటూ వస్తున్న మావయ్యను చూసి ప్రచురణకర్త ఒక్క క్షణం బెదిరాడు. మరుక్షణం వ్యాపారం గుర్తొచ్చింది. ఎవర్నీ ఏమీ అడక్కుండా మైకు అందుకుని, "ఈ రోజు ఆయన కళ్లకు లోకం కనబడకపోవచ్చు. కానీ ఆ కళ్లలో ఆ మహత్తర దృశ్యం ఇప్పటికీ చెక్కుచెదరలేదు!" అన్నాడు. హాలంతా అయ్యో అంది. వెనక వరుసలో ఎవరో ముక్కు చీదారు. నాకు చూపు పోలేదు మొర్రో అని మావయ్య అనబోతుండగా చేతిలో మైకు పెట్టేశారు.

ఎదురుగా అంతా మసక. ఆ మసకలో గుసగుసలు. ఏం చేస్తాడు, దుకాణంలో చెప్పే కథే ఎత్తుకున్నాడు. "గాలి లేదు. ఆకైనా కదల్లేదు. మా ఆవిడ ఒక చేత్తో గొడుగు పట్టుకుంది..." పేజీలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. తడబడి వేగం పెంచాడు. "సగం దారిలో కూర్చుంది. కూర్చుని జనానికి దణ్ణం పెట్టింది. అప్పుడో పావురం వచ్చి భుజమ్మీద వాలింది. దానితో సహా నడిచింది!"

"ఒక్క నిమిషం," అని ముందు వరుసలోంచి ఓ సన్నటి గొంతు లేచింది. విలేకరి. "పుస్తకంలో గొడుగు లేదు, పొడవాటి కర్ర ఉంది. గాలి లేదన్నారు, ఇక్కడేమో ఈదురుగాలి అని రాసుంది. ఆవిడ ఎక్కడా కూర్చోలేదు. పావురం ఊసే లేదు. కళ్లారా చూసినాయనకే కర్రకీ గొడుక్కీ తేడా తెలీదంటే, అసలు ఆ నడక జరిగిందా అండీ?"

హాలు గొల్లుమంది. పక్కనే ప్రచురణకర్త తన గుమాస్తాతో చీటీలు అచ్చువెయ్యడానికి ఎంతసేపు పడుతుందని అడగడం మావయ్య చెవిన పడింది. తన గురించి ఎవరేమనుకున్నా సరే, ఆవిడ నడకను ఎవరూ లేదనడానికి వీల్లేదు. నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నడక జరిగింది బాబూ. నేను చూడలేదు, అంతే. గొడుగూ పావురమూ నేను కల్పించినవి. మా పెళ్లయినప్పట్నుంచీ ఈవిడ తీగెక్కిన ప్రతిసారీ నేను కళ్లు మూసుకునే ఉన్నాను. నాకంత ధైర్యం లేదు. ఉన్న ధైర్యమంతా ఆవిడదే. ఫోటోలు లేకపోవడం నా తప్పు. దానికి ఆవిడ పుస్తకాన్ని నవల అనకండి."

"అంటే చూసినవాళ్లు ఈ హాల్లో ఎవరూ లేరన్నమాట," అని విలేకరి రాసుకోబోయాడు.

"ఆగవయ్యా!" అని వెనకనుంచి బొంగురు గొంతు వినబడింది. ఫైర్ స్టేషన్లో పనిచేసి రిటైరైన ఓ బట్టతల పెద్దాయన కుర్చీలు తోసుకుంటూ వేదిక దాకా వచ్చి, మావయ్య మొహంలో మొహం పెట్టి చూశాడు. "ఏవండీ, ఆ రోజు కెమెరా మెళ్లో వేసుకుని కళ్లు మూసుకున్నది మీరేనా?"

"నేనే," అన్నాడు మావయ్య దీనంగా.

"నా ప్రాణం తోడేశారు కదండీ!" అని పెద్దాయన జనం వైపు తిరిగాడు. "ఆవిడ వల వద్దంటే, పడితే పట్టడానికని మా స్టేషన్ వాళ్లం పెద్ద దుప్పటి పట్టుకుని కింద నిలబడ్డాం. అంతెత్తు నుంచి పడితే అది దేనికీ పనికిరాదు, నిలబడమన్నారు కాబట్టి నిలబడ్డాం. పైకి చూడ్డానికి మాకే ధైర్యం చాలక, అందరం దుప్పటి వంకే చూస్తున్నాం. ఈయనేమో నా మోచెయ్యి పట్టుకుని, ఎక్కడిదాకా వచ్చింది, ఇప్పుడేం చేస్తోంది అని ఒకటే గొడవ. ఈయనకి చెప్పడానికి చచ్చినట్టు నేను పైకి చూడాల్సొచ్చింది. అడుగడుగూ చూశాను. మధ్యలో గాలి కొట్టి కర్ర ఎడమపక్కకి వంగింది. ఆవిడ ఒక మోకాలు వంచి, గాలి తగ్గేదాకా అలాగే ఆగింది. అవతలి గొట్టం దగ్గర తీగ మీద మసి. అరికాలు రెండో కాలి పిక్కకి తుడుచుకుని మరీ అడుగేసింది."

పేజీలు మళ్లీ టపటపలాడాయి. "ఉంది! మోకాలు ఉంది!" అని ఓ మూల నుంచి, "మసి కూడా ఉంది!" అని ఇంకో మూల నుంచి కేకలు లేచాయి.

"మీరు పుస్తకం చదివొచ్చి చెప్తున్నారేమో," అన్నాడు విలేకరి, ఇంకా ఆశ చావక.

"కట్టలు ఇప్పుడేగా విప్పారు! సరే, పుస్తకంలో లేనిది కూడా చెప్తాను విను. చేరిపోయిందండీ అంటే ఈయన నమ్మలేదు. ఒట్టు వేయించుకున్నాడు. ఆ తర్వాత నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

విలేకరి కలం ఆగింది. అయినా వృత్తి ధర్మం వదల్లేక తీగమ్మ వైపు తిరిగాడు. "మరి అంకితంలో రెప్ప వేయకుండా చూశారని రాశారు. అది అబద్ధమే కదమ్మా?"

తీగమ్మ లేచి నిలబడింది. ఆవిడ నిలబడితే ఇప్పటికీ నిట్టనిలువుగా ఉంటుంది. "అబద్ధమే. పుస్తకం మొత్తంలో అదొక్కటే. తీగ మీద కాలు పెట్టగానే ప్రతిసారీ ఒక్కసారి కిందికి చూసేదాన్ని. కళ్లు మూసుకున్న మనిషి నిలబడే తీరే వేరు, ఎంత ఎత్తు నుంచైనా తెలిసిపోతుంది. రీలు సంగతీ తెలుసు."

మావయ్య నోరు తెరుచుకుంది. "తెలిసీ మరి అలా ఎందుకు రాశావ్?"

"ఇంట్లో మనిషిని పుస్తకంలో చిన్నబుచ్చుతానా?" అని ఆవిడ జనం వైపు చూసింది. "ఊరంతా నేను నడవడం చూడ్డానికి వచ్చింది. ఈయన ఒక్కరే నేను దిగడం కోసం వచ్చారు. నేను నడిచింది ఆ ఒక్క మనిషి దగ్గరికే."

అంకితం అందుకున్న కళ్లలోంచి నీళ్లు కారుతుంటే మావయ్య తుడుచుకోలేదు. అంత గర్వం ఆయనకు ఏనాడూ కలగలేదు, దుకాణంలో కథ పతాక స్థాయిలో ఉన్నప్పుడు కూడా. అప్పుడు లేచిన చప్పట్లకు ప్రచురణకర్త గుమాస్తాను కేకేసి, చీటీల మాట మరిచిపొమ్మని, ఇంకో కట్ట విప్పమన్నాడు. విలేకరి వరుసలో నిలబడి ఒక కాపీ కొన్నాడు.

"రెండడుగులు వేసి చూపించండమ్మా!" అని ఎవరో అరిచారు. అమ్మా వద్దని కూతురు అంటూనే ఉంది, తీగమ్మ చెప్పులు విడిచేసింది. వేదిక అంచున మోకాలెత్తులో, అరచేతి వెడల్పున ఒక చెక్క దూలం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది. మైకు స్టాండును కర్రలా అడ్డంగా పట్టుకుని ఆవిడ దాని మీద నిలబడింది.

"ఆగాగు!" అన్నాడు మావయ్య. జనం వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఈసారి చూస్తాను. అందరూ సాక్ష్యం."

ఆయన కింద నిలబడి, మెడ నిటారుగా పెట్టి, కళ్లు రెండూ పత్తికాయల్లా విప్పాడు. తీగమ్మ తాపీగా, వెన్ను వంచకుండా, ఒక్క చోటా తడబడకుండా ఆ చివరి దాకా నడిచింది. హాలు దద్దరిల్లింది. మావయ్య అన్నమాట నిలబెట్టుకున్నాడు, ఒక్క రెప్ప కూడా వేయలేదు.

డాక్టరు వేసిన చుక్కల మందు ఇంకా దిగలేదు కాబట్టి, ఏమీ కనబడలేదు కూడా.