కరపత్రం వెనక మేక

ఆ రోజు పొద్దున్నే కృష్ణకుమారి వేసుకున్న పథకం చిన్నదే. కింది వాటాలో కిరాయికుండే సైదులు కూతురు జ్యోతిక రాగానే ఇద్దరూ కలిసి పది బొమ్మల పుస్తకాలు కుట్టాలి. తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెతో బడులు మూతపడి ఇరవై రోజులైంది. అప్పటినుంచి ఆరేళ్ల జ్యోతిక రోజూ మేడమీదికి వస్తోంది. భర్త పోయిన ఈ నాలుగేళ్లలో కృష్ణకుమారి రెండు గ్లాసుల్లో పాలు పోసింది ఈ ఇరవై రోజులే. అందుకే తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన ఆ మనిషి, సమ్మె ఇంకో నెల సాగాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటోంది. పైకి మాత్రం ఎవరితోనూ అనదు.

తీరా చూస్తే ఇంట్లో కాగితం లేదు. బంద్ కాబట్టి దుకాణాలూ లేవు. మెట్ల కింద గులాబీ కాగితాల కట్ట ఒకటి కనిపించింది. ఒకవైపు ఏదో అచ్చు, వెనకవైపు ఖాళీ. సైదులు ఆర్టీసీ డ్రైవరు, సమ్మె కమిటీలో తిరుగుతున్నాడు. పోయిన వారం సభవి మిగిలిపోయి ఉంటాయనుకుంది. ముప్పై ఏళ్లు సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేసింది గానీ, కాగితం మీద ఏముందో చదివే అలవాటు ఆవిడకి ఏనాడూ లేదు. వెనక ఖాళీ కనిపిస్తే మాత్రం చెయ్యి ఊరుకోదు.

"అమ్మమ్మా, మేకలు గీస్త."

"గీయి తల్లీ. కొమ్ములు మర్చిపోకు."

మధ్యాహ్నానికి కాగితాలు మడిచి, దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, జ్యోతిక గీసిన మేకలతో నలభై పుస్తకాలు చేశారు. కట్ట మొత్తం అయిపోయింది. అప్పుడొచ్చాడు సైదులు.

"అమ్మా, మెట్ల కింద కరపత్రాలు పెట్టిన. సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తల పంచాలె. జర చూసిన్రా?"

ఆవిడ పుస్తకాలు కనపడకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆంధ్రావిడ కావాలనే పాడు చేసిందంటారు. సైదులు ఇల్లు ఖాళీ చేస్తాడు. జ్యోతిక ఇక రాదు.

"లేదు నాయనా, చూళ్లేదు."

అక్కడే కొంప మునిగింది. సైదులు తన తోటి డ్రైవరు శైలేందర్‌కి ఫోన్ చేశాడు. "పోలీసోళ్లే ఎత్కపోయిన్రు" అని శైలేందర్ అక్కణ్ణుంచే తేల్చేశాడు. గంటలో పదిహేను మందితో వచ్చి, పోయినచోటే ధర్నా అంటూ ఆవిడ గేటు ముందే బైఠాయించాడు. "మా కరపత్రాలు వాపస్ ఇయ్యాలె!" అంటూ నినాదాలు మొదలయ్యాయి. ఎండలో గొంతు చించుకుంటున్నారని కృష్ణకుమారి అందరికీ మజ్జిగ పోసింది.

"గీ అమ్మను చూడున్రి! ఆంధ్రామె అయినా మనకు మద్దతిస్తున్నది" అన్నాడు శైలేందర్. ఆవిడకి భూమిలోకి దిగిపోవాలనిపించింది.

సరిగ్గా అప్పుడే జ్యోతిక పుస్తకం పట్టుకుని దిగింది. "డాడీ! నా మేక చూడు!"

సైదులు తెరిచాడు. ఒక పేజీలో అయిదు కాళ్ల మేక, పక్క పేజీలో రాబోయే సభ వివరాలు. నినాదాలు ఆగిపోయాయి.

"ఎవరు చేసిన్రు గిది?"

"నేను, అమ్మమ్మ!" అంది జ్యోతిక గర్వంగా.

"వెనక ఖాళీగా ఉంది బాబూ. పాతవనుకున్నాను" అంది కృష్ణకుమారి. మజ్జిగ చెంబు గట్టు మీద పెట్టింది. "అబద్ధం కూడా ఆడాను. పిల్లని పంపడం మానేస్తావని భయమేసింది."

శైలేందర్ కుట్లు విప్పబోతే కాగితం చిరిగింది గానీ ముడి ఊడలేదు. టైము నాలుగైంది. "గిట్లనే పంచుదాం పా" అన్నాడు విసుగ్గా.

దీపాలు పెట్టే వేళకి సైదులు తిరిగొచ్చాడు. "కరపత్రమిస్తే ఎప్పుడైనా మా ముంగటనే పడేస్తరమ్మా. ఇయ్యాల ఒక్కటి కింద పడలే. పిల్లలకని జేబుల పెట్టుకపోయిన్రు. ఇంకో కట్ట తెస్త, రేపటికి ఇంకో నలభై కుట్టిస్తరా?"

"జ్యోతికని పొద్దున్నే పంపు."

"రేపటి సంది బడి తెరుస్తున్నరు. సాయంత్రం ట్యూషన్ పెట్టిచ్చిన" అన్నాడు సైదులు సంబరంగా.

మర్నాడు ఆవిడ అలవాటుకొద్దీ రెండు గ్లాసుల్లో పాలు పోసి, రెండోదాన్ని తిరిగి గిన్నెలోకి ఒంపేసింది. ఇల్లంతా బావురుమంటోంది. నలభై మేకలూ తనే గీసింది. అన్నిటికీ సరిగ్గా నాలుగు కాళ్లు, కుదురైన కొమ్ములు.

రాత్రి సైదులు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "ఏమనుకోకున్రి అమ్మా, చౌరస్త నిండ మీ మేకలే పడున్నయి. పిల్ల గీసినయే కావాల్నంటున్రు. రేపటి సంది ట్యూషన్ బంద్ చేపిచ్చి పంపిస్త."

తన మేకల్ని ఎవరూ తీసుకోనందుకు కృష్ణకుమారి బాధపడినట్టే కనిపించింది గానీ, రేపటి పాలకని రెండో గ్లాసు మాత్రం అప్పటికే కడిగి బోర్లించి సిద్ధంగా ఉంది.