నమూనా ఇంటి ఆకలి

గణాంక శాఖ చీటీ తీసి పైడితల్లి ఇంటిని నమూనా ఇల్లుగా ఎంచుకున్న నాటి నుంచి, ఆమె తింటేనే మండలంలోని రెండు వేల నాలుగు వందల పద్దెనిమిది ఇళ్లలో కడుపు నిండుతోంది. అన్ని గడపలూ ఎక్కి దిగడం ఖర్చుతో కూడిన పని కాబట్టి ఒక్క ఇల్లు చాలన్నారు. ఆమెదేమో ఒంటరి బతుకు, కూలి పని. తలుపు మీద నీలం రంగుతో అంకె వేసి, సంతకం రాదంటే వేలిముద్ర తీసుకుని వెళ్లారు.

జనం త్వరగానే అలవాటు పడ్డారు. ఆమెకంటే ముందు భోజనానికి కూర్చున్నవాళ్లకు ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు కనుక, ఆమె పొయ్యి పొగ చూసి విస్తళ్లు వేసుకునేవారు. ఒక మంగళవారం ఆమె ఉపవాసం ఉంటే పక్క ఊరి పెళ్లిలో నాలుగు వందల మంది లడ్డూలు తిని తిని నీరసంతో కూలబడ్డారు. పెళ్లి పెద్దలు వచ్చి బతిమాలాక, పాపం, ఆమె మంగళవారాలు మానేసింది. దేవుడికి తామే సర్దిచెప్పుకుంటామన్నారు వాళ్లు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కూలి లేదు. పైడితల్లి రెండు పూటల నుంచి ఒక పూటకు, అక్కణ్ణుంచి గ్లాసుడు అంబలికి దిగింది. బియ్యం బస్తాలున్న ఇళ్లలోనూ మనుషులు గోడలకు చేరగిలబడ్డారు. ఆమెకు గుప్పెడు గింజలిద్దామంటే నమూనా ఇంటికి బయటి తిండి చేరకూడదని నిబంధన. చేరితే లెక్క చెడుతుందట. మిగిలింది ఒకటే దారి. ఏటా వచ్చే సర్వే కాగితంలో ఐదో గడి ఉంది: నిన్న ఎన్ని పూటలు తిన్నారు? రెండుకు తగ్గితే నమూనా ఇంటితో సహా మండలమంతటికీ అదనంగా సర్కారు బియ్యం వస్తుంది.

పక్కింటి సింహాద్రి అందరి తరఫునా వచ్చి, అబద్ధం ఆడమనడం లేదనీ, ఉన్నది చెబితే చాలనీ నచ్చజెప్పాడు. పైడితల్లి సరేనంది.

సర్వే గుమస్తా భానోజీ మిట్టమధ్యాహ్నం ఎండన పడి వచ్చాడు. ఆమె పీట వేసి, సాయంత్రానికి దాచుకున్న అంబలి అతని చేతికిచ్చింది. అతను తాగాడు. అతనిదీ ఆ మండలమే, అతని ఇల్లూ ఆ లెక్కలోదే. అంబలి గొంతు దిగింది గానీ ఆకలి తగ్గలేదు. మూతి తుడుచుకుని ఐదో గడికి వచ్చి అడిగాడు. గుమ్మం బయట సింహాద్రి చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"తినీసినాం బాబూ," అంది పైడితల్లి. "మూడు పూట్లా తింటన్నాం. మాకేటి లోటు?"

భానోజీ కలం ఆగింది. రెండు రోజులుగా అతని పేగులు చెబుతున్న మాట వేరు. కానీ గడిలో రాయవలసింది ఇంటివాళ్ల జవాబు. రాసేవాడి కడుపుకి ఆ కాగితంలో చోటు లేదు. మూడు అని రాసి, వేలిముద్ర తీసుకున్నాడు.

భానోజీ కాగితాలు సర్దుకుంటుండగా, దుఃఖం ఆగని సింహాద్రి ఆమెను గుమ్మం దగ్గరికి పిలిచి గుసగుసగా అడిగాడు. "ఏటత్తా, ఇలాగ సేసినావు?"

"ఇంటికొచ్చిన మనిసితోటి ఆకలేస్తందని ఎలగ సెప్తాన్రా?" అంది ఆమె, నిజంగానే సిగ్గుపడుతూ.

అంతలో భానోజీ సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఎదురుపడిన మనిషిని పలకరించకుండా వెళ్లడం బాగుండదని, భోజనం అయిందా అని అడిగాడు.

"అయిందండి," అన్నాడు సింహాద్రి. "మరి తమరిది?"

"అయింది," అన్నాడు భానోజీ, పడిపోకుండా గోడ పట్టుకుని.