మనిషికి కళ్ళు దండగ!

మనిషికి కళ్ళు దండగ అంటే మీకు కోపం వస్తుంది. రానివ్వండి! సెకనుకి పదివేల ఫొటోలు తీసే కెమెరా సెన్సర్లు డిజైన్ చేసి పొట్టపోసుకునేవాణ్ణి. నా మాట వినక ఇంకెవరి మాట వింటారు?

కన్ను చేసే ఘనకార్యం ఏమిటి చెప్పండి? రెప్ప వేస్తుంది. దుమ్ము పడితే ఎర్రబడుతుంది. ఉల్లిపాయ కోసినా, అక్క తిట్టినా నీళ్ళు పెట్టుకుంటుంది. నా సెన్సర్‌కి ఆ రోగాలేవీ లేవు. చేతిలోంచి టీ కప్పు జారి పగిలేలోపు ఆల్బమ్ నింపేస్తుంది. కప్పును పట్టుకోదు, నిజమే. అది దాని డ్యూటీ కాదు!

అందుకే ఒక దగ్గు మందు ఫ్యాక్టరీవాళ్ళు సీసాల మూతలు చూసే పని దానికి అప్పగిద్దామనుకున్నారు, ముందు ఒకరోజు ట్రయల్ వేసి చూశాక. పద్దెనిమిదేళ్ళుగా ఆ పని మా అక్కది. సీసాలు కదిలిపోయే బెల్టు పక్కన కుర్చీలో కూర్చుని, వంకర మూత కనబడగానే సీసా తీసి పక్కన పెట్టేది. ట్రయల్ నెగ్గితే ఆ కుర్చీ ఉండదని అక్కకి తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో ఇద్దరం ఆ ఊసెత్తలేదు. అభివృద్ధి దగ్గర ఆ మాత్రం మర్యాద పాటించాలి!

ట్రయల్ రోజు నా సెన్సర్ విజృంభించింది. నిక్షేపంలాంటి సీసాలను కూడా తోసిపారేసింది. మేనేజరు తొణకలేదు.

"కెమెరా తప్పు చెప్పదండీ. సీసాల్లోనే ఏదో ఉండుంటుంది," అన్నాడు.

ఎంత విశ్వాసం! ఇన్నేళ్ళలో మా అక్క మాటను ఆయన అలా నమ్మిన పాపాన పోలేదు.

అక్క కాసేపు బెల్టు వంకే చూసి, నన్ను పక్కకి పిలిచింది.

"ఒరేయ్, కొన్ని వదిలేస్తోంది, కొన్ని తోసేస్తోంది, మళ్ళీ కొన్ని వదిలేస్తోంది. నిజం తప్పులు ఇంత వరసగా రావురా. పైనున్న ఆ ట్యూబులైటు సంగతేంటో చూడు."

చూశాను. మన కంటికి నిలకడగా కనిపించే ఆ లైటు సెకనుకి వందసార్లు మసకబారుతుంది. ఆ మసకలో తీసిన ఫొటోలో నా సెన్సర్‌కి ప్రతి మూతా వంకరే. మా చదువులో ఇది మొదటి పాఠం. ల్యాబులో మంచి లైట్ల కింద కూర్చుని నేనే మర్చిపోయాను.

లైటు మార్చాం. ఆ తర్వాత ఒక్క మంచి సీసా కూడా బలి కాలేదు. మేనేజరు చప్పట్లు కొట్టి నా భుజం తట్టాడు. తప్పు పట్టుకున్నది మా అక్క అని చెప్పడానికి ఒక్క సెకను చాలు. ఒక్క సెకనంటే పదివేల ఫొటోలు. అన్నింటిలోనూ నా నోరు మూసే ఉంది.

అక్క తన కుర్చీని తనే ఎత్తి గోడవారగా పెట్టి, నా వంక చూసింది. నేను నేలచూపులు చూశాను.

మనిషికి కళ్ళు దండగ అని మొదట్లోనే అన్నాను కదా? నావాటి గురించే అన్నాను.