పరగడుపు పరిశోధన

నిప్పు, చక్రం, ఆ తర్వాత "పరగడుపున రండి" అనే ఆదేశం. మానవజాతి కనిపెట్టినవాటిలో చివరిదాకా నిలిచేవి ఈ మూడే. మొదటి రెండూ లేకపోయినా ఎలాగోలా నెట్టుకురావచ్చు. మూడోది లేకపోతే వైద్యశాస్త్రం నిలబడ్డచోటే కుప్పకూలుతుంది.

ఈ సత్యం నాకు బాలల స్థూలకాయ, గ్రంథి వికారాల పరిశోధనా విభాగంలో బోధపడింది. (పేరు పొడుగు కాబట్టి బోర్డు వెడల్పుగా చేయించారు. బోర్డు వెడల్పు కాబట్టి తలుపు ఒక రెక్క శాశ్వతంగా మూసేశారు. లావుపాటి పిల్లలు పక్కకి తిరిగి లోపలికి వెళ్లాలి.)

అక్కడికి తీసుకెళ్లింది మా చెల్లెలి కూతుర్ని. ఆ పిల్ల ఎత్తు పెరగడం ఎప్పుడో ఆగిపోయింది, లావు మాత్రం ఆగలేదు. తరగతిలో కూర్చున్నచోటే నిద్రపోతుంది. ఎండలో నిలబడి చలి అంటుంది. తన తమ్ముడు తినేదాంట్లో సగం కూడా తినదు. అయినా వాళ్ల నాయనమ్మ దగ్గర్నుంచి బళ్లో ఆటల టీచరు దాకా అందరూ ఏ పరీక్షా లేకుండా రోగం తేల్చేశారు. తిండిపోతు, అంతే. మా వీధి డాక్టరు ఒక్కడే అనుమానపడ్డాడు. "ఇది తిండి పని కాదు, ఏదో గ్రంథి పని. ఏ గ్రంథో చెప్పే యంత్రం ఆ పరిశోధన వాళ్ల దగ్గరే ఉంది. రక్తం ఇస్తే తేలిపోతుంది" అన్నాడు.

తేలితే మందు. తేలకపోతే ఆ పిల్ల జన్మంతా తిండిపోతే. అందుకే రాత్రి ఎనిమిదయ్యాక పిల్లకి మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకుండా, తెల్లారగానే నేనూ మా చెల్లెలూ దాన్ని తీసుకుని వెళ్లి నిలబడ్డాం.

గుమ్మంలో స్వాగతాధికారిణి నవ్వుతూ ఎదురొచ్చి పిల్ల చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్ పెట్టింది. పెట్టేముందు చించింది.

"రక్తం ఇచ్చాక ఇవ్వొచ్చు కదమ్మా?" అన్నాను.

"ఇది స్వాగత కానుక సార్. రాగానే ఇవ్వాలి. అయ్యాక ఇస్తే అది కృతజ్ఞత అవుతుంది. కృతజ్ఞత మా విభాగం కిందికి రాదు."

"మరి చించడం ఎందుకు?"

"చించకుండా ఇస్తే పెద్దవాళ్లు ఇంటికి పట్టుకెళ్తున్నారు సార్. పిల్లలకి అన్యాయం జరుగుతోంది."

ఆ ప్యాకెట్ పిల్ల చేతిలోనే ఉండాలట, మేం తీసుకోకూడదట. నియమం.

లోపల బెంచీల నిండా పిల్లలు. అందరి చేతుల్లోనూ నోరు తెరిచిన ప్యాకెట్లు. రక్తం తీయడానికి సంతకం పెట్టాల్సిన డాక్టర్లంతా ఎదురు గదిలో అల్పాహార సమావేశంలో ఉన్నారు. చర్చాంశం, పిల్లల్లో ఆకలి అదుపు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కాల్చిన రొట్టె వాసన, వెన్న వాసన బయటికొచ్చి మా మధ్య కూర్చునేవి.

పిల్లలు ఒక్కొక్కరే లొంగిపోయారు. ఎవరైనా బిస్కెట్ నోట్లో పెట్టుకోగానే సమన్వయాధికారి ప్రత్యక్షమై, "నిగ్రహం లేదు" అని ట్యాబ్‌లో నొక్కి, వచ్చే నెల పరగడుపున రమ్మని పంపేసేవాడు. నా పక్కనున్న ఒక తండ్రి నాలుగు నెలలుగా వస్తున్నాడట. "మావాడికి ఇదివరకు బిస్కెట్లంటే పడేవి కాదండీ. ఇప్పుడు ప్రాణం" అన్నాడు.

మా పిల్ల కడుపులో ఎలుకలు పరిగెత్తడం నాకు వినిపిస్తూనే ఉంది. ప్యాకెట్ ఒక చేత్తో దూరంగా పట్టుకుని, రెండో చేత్తో ముక్కు మూసుకుంది.

"మావయ్యా, ఒక్కటి తింటే యంత్రానికి తెలిసిపోతుందా?"

"తెలిసిపోతుందే."

"తినకపోతే కూడా తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"అయితే నేను తిండిపోతుని కానని నాయనమ్మకి చెబుతుందా?"

చెబుతుందన్నాను. పిల్ల ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంది.

మధ్యాహ్నానికి బెంచీల మీద మేమే మిగిలాం. రక్తం తీసే అమ్మాయి లోపలికి పిలిచి, "ఏం తిన్నావు?" అంది.

"ఏమీ తినలేదు ఆంటీ."

"కానుక కూడానా?"

పిల్ల ప్యాకెట్ చూపించింది. ఒక్కటీ తగ్గలేదు. ఆ అమ్మాయి సూది కింద పెట్టేసి సమన్వయాధికారిని పిలిచింది. ఆయన చూసి పెద్ద డాక్టరుని పిలిచాడు. పెద్ద డాక్టరు మూతి తుడుచుకుంటూ వచ్చి బిస్కెట్లని, పిల్లని మార్చి మార్చి చూశాడు.

"కళ్ల ముందు పెట్టినా తినలేదంటే ఆకలి మందగించిందన్నమాట. మన పరిశోధన అతిగా తినే పిల్లల మీద. ఈ పాప పనికిరాదు. ఆకలి మాంద్య విభాగానికి పంపండి."

మా చెల్లెలు ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. ఆరోజు చెప్పింది.

"పరగడుపున రమ్మంది మీరే కదండీ?"

"రమ్మన్నాం తల్లీ. ఎవరూ ఉండలేరు."

"నా కూతురు ఉంది. ఒక్కసారి రక్తం తీసి చూడండి."

"పరిశోధనలో చేరని పిల్ల రక్తం తీయడం నీతి కాదమ్మా. నీతి విషయంలో మేం చాలా ఖచ్చితంగా ఉంటాం."

"మరి రోగం తేలేదాకా ఏం చేయమంటారు?"

"తిండి తగ్గించండి."

నాకు ఒళ్లు మండిపోయింది. (ఆకలి మాంద్య విభాగానికీ వెళ్లాం. అక్కడ తలుపు సన్నం. బక్కపిల్లలకి మాత్రమే ప్రవేశమని గుమ్మంలోనే చెప్పి, పాపని ఎగాదిగా చూశారు.)

బయట మెట్ల మీద కూలబడ్డాం. "తినవే, ఇంక తిను" అంది మా చెల్లెలు, మొహం అటు తిప్పుకుని. పిల్ల ముక్కు మీంచి చెయ్యి తీసి, రెండేసి బిస్కెట్లు ఒకేసారి నోట్లో కుక్కుకుంది. పాపం, ఎప్పుడో ముందురోజు రాత్రి తిన్న పిల్ల. అప్పుడే మెట్ల కింద ఎవరో ఫొటో తీసినట్టనిపించింది.

కొన్నాళ్లకి ఆ పరిశోధన ఫలితాలు రంగుల పుస్తకంగా అచ్చయి బళ్లన్నిటికీ చేరాయి. పిల్లలకి నిగ్రహం లేదని అందులో రుజువైంది. అట్ట మీద మా మేనకోడలు, బుగ్గల నిండా బిస్కెట్లతో. (అనుమతి అడగలేదు. పరిశోధనలో చేరని పిల్లకి అనుమతి నిబంధన వర్తించదట.)

ఆటల టీచరు ఒక కాపీ ఇంటికి పంపాడు. నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని అట్ట చాలాసేపు చూసి, పిల్లని దగ్గరికి పిలిచి, ప్రేమగానే అంది.

"చూశావా, డాక్టర్లు కూడా అదే చెప్పారు."