నిత్యానందం కొన్న సినిమా

ఆ ఆదివారం నిత్యానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరాధన కాగానే ఇంటికొచ్చి, టీవీ ముందు కూర్చుని, సినిమాలో తన భార్యను చూడాలి. అంతే.

సరోజమ్మ సినిమాలో ఉన్నమాట నిజమే. నిరుడు కొనకనమిట్ల దగ్గర మిరప చేలో షూటింగు జరిగినప్పుడు, కాయలు కోసే ఆడవాళ్ళలోంచి ఆమెను ముందుకు పిలిచి ఒక మాట చెప్పించారు. ఆ ముచ్చట వినని గొర్రె కూడా ఆ ఊళ్ళో లేదు. నమ్మనిది మాత్రం ఒక్కతే, దర్శిలో ఉండే ఆడబిడ్డ కృపారాణి. "నిన్ను తీసుకున్నారా? వాళ్ళకు దిష్టిబొమ్మ దొరకలేదంటనా?" అని ఒక పెళ్ళిపందిట్లో అందరి ముందూ అనేసింది. ఇప్పుడు ఆ కృపారాణే కళ్ళారా చూసి తేల్చడానికి బస్సు దిగింది.

నిత్యానందం సంఘ పెద్ద. హాలుకు పోవడం పాపమనీ, పైరసీ చూడడం దొంగతనమనీ ఆయన చర్చిలో చెబితే పైన రేకులు కూడా తలూపుతాయి. సినిమా ఆడినన్నాళ్ళూ సరోజమ్మను మార్కాపురం దరిదాపులకు పోనివ్వలేదు. "న్యాయంగా డబ్బు కట్టి ఇంట్లోనే చూద్దామే" అన్నాడు. అన్నట్టే యాప్‌కు ఏడాది చందా కట్టాడు.

చర్చి కుర్చీలు వచ్చాయి. సంఘం ఆడవాళ్ళు వచ్చారు. టీవీ పెట్టగానే ఒక ప్రకటన వచ్చింది. తమరు తీసుకున్న ప్లాను ఫోనులో చూసుకోవడానికే పనికొస్తుందట.

"ఫోన్లోనా? ఇంతమందిమీ అందులోకి ఎట్ల దూరేది నిత్యం?" అంది కృపారాణి.

పెద్ద ప్లానుకు మళ్ళీ కట్టాడు. ఆ యాప్ ఓటీపీ పంపుతానంది. టీవీకి కేబులు నెట్టు ఉంది గానీ, ఆ ఊళ్ళో ఫోనుకు సిగ్నలు దొరికేది నీళ్ళ ట్యాంకు మీదనే. నిత్యానందం ట్యాంకెక్కాడు. నంబరు వచ్చింది. మెట్లు దిగి ఇంటికి చేరేలోపు దాని ఆయుష్షు తీరిపోయింది. రెండోసారి తెలివిగా పైనే నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను ఊపుతూ ఇంట్లో సరోజమ్మకు వినబడేలా అంకెలు అరవసాగాడు.

అటు పోతున్న దాసమ్మ ఆ దృశ్యం చూసింది. ఇందాక బోరింగు దగ్గర సరోజమ్మ, "యాపుకు కట్టినాడు వదినా, ఇంకా కట్టమంటాండారు" అనడం ఆమె విని ఉంది. రెండూ కలిపి కేక పెట్టింది.

"అయ్యో, పరిగెత్తండి! లోన్ యాపు వాళ్ళు పీక్కతింటాంటే నిత్యానందం దూకుతాండాడు!"

ఊరు కదిలింది. కింద పరచడానికి మిరపకాయలు ఆరబోసిన పట్టను అట్లాగే లాక్కొచ్చారు. దులిపేసరికి ఘాటు లేచి, ఊరంతా తుమ్మి కళ్ళు తుడుచుకుంది. తనకోసం ఇంతమంది ఏడుస్తున్నారని పైనున్నాయన కూడా కళ్ళొత్తుకున్నాడు.

"దిగు నాయనా! అప్పు తలా ఇంత ఏసుకుంటాం!" అని పోలయ్య అరిచాడు.

"అప్పు కాదు మామా, సినిమా!"

"సినిమాకు పానం తీసుకుంటారంటరా ఎవరన్నా!"

బతిమాలి దించారు. మళ్ళీ ఎక్కకుండా కాపలాగా ఊరంతా ఆయన ఇంట్లోనే కూర్చుంది. సరోజమ్మ ఈలోగా అరుపులు విని అంకెలు నొక్కేసింది. టీవీలో సబ్బు ప్రకటన, టీపొడి ప్రకటన, మళ్ళీ అదే సబ్బు. ఆ తర్వాత తెల్ల అక్షరాలు: ఈ సినిమా నిన్నటితో ఇక్కడినుంచి వెళ్ళిపోయింది, ఫలానా ఇంకో యాప్‌లో చందా కట్టి చూడగలరు.

కృపారాణి కొంగు దులుపుకుని లేచింది. "ఉంటే గదమ్మా కనిపించేది. నాకు బస్సు టైమయింది."

సరోజమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి మిరప ఘాటు కాదు. "ఊరంతా కూసోనుండాదయ్యా. నన్ను అబద్ధాలకోరును చేస్తివే!"

"ఇంకో యాపుకు కడతానుండు" అని నిత్యానందం లేవబోతే, ట్యాంకు వైపు పోతాడని నలుగురు కాళ్ళు పట్టుకున్నారు.

అప్పుడు పక్కింటి ముసలమ్మ పిచ్చమ్మ, వక్కాకు తిత్తిలో చెయ్యిపెట్టి పెన్‌డ్రైవ్ తీసింది. అంటిన సున్నం కొంగుతో తుడిచింది.

"ఇది గుచ్చు. ఇది మనల్ని ఏమీ అడగదు."

"దొంగ సరుకు పెద్దమ్మా!"

"దొర సరుకు చూస్తానే ఉండాం గదా పొద్దన్నుంచి!"

సరోజమ్మ దాన్ని లాక్కుని తనే గుచ్చింది. ఒక్క నొక్కుకు సినిమా మొదలైంది. నంబరు లేదు, సబ్బు లేదు. మార్కాపురం హాల్లో ఎవడో దొంగచాటుగా తీసిన బొమ్మ. కాస్త వాలింది, ఈలలు అదనం. ఎవరికీ పట్టలేదు.

మిరప చేను వచ్చింది. సరోజమ్మ ఊపిరి బిగబట్టి లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడు, ఆ హాల్లో కెమెరా ముందు వరసలో ఎవరిదో ఫోను మోగింది. తెల్లచొక్కా వేసుకున్న విశాలమైన వీపు ఒకటి పైకి లేచి, చేను మొత్తాన్నీ కమ్మేసింది.

"ఆ, సరోజా... ప్రార్థన కూటంలో ఉండానే. పెట్టెయ్, పాస్టరయ్య చూస్తాండాడు!"

ఆ వీపు వెనకాల నుంచి తెరమీది సరోజమ్మ గొంతు ఖంగుమంది: "ఎవడ్రా ఆడ అడ్డంగా నిలబడింది? తప్పుకో!"

వీపు తప్పుకునేసరికి చేను పోయి పాట వచ్చేసింది.

అందరి తలలూ నిత్యానందం వైపు తిరిగాయి. కృపారాణి తాపీగా మళ్ళీ కూర్చుంది. "సరోజా, నువ్వు సినిమాలో ఉండావు, ఒప్పుకున్నా. మా తమ్ముడిది మాత్రం నీకన్నా పెద్ద వేషమే."

సరోజమ్మ మొగుడి వైపు చూడలేదు. "పెద్దమ్మా, వేరే హాల్లో తీసింది ఉండాదా?"

"లేకేం? గిద్దలూరు ప్రింటు ఉండాది" అని పిచ్చమ్మ తిత్తి విప్పింది.

గిద్దలూరు ప్రింటులో సరోజమ్మ తలనుంచి పాదాల దాకా కనిపించింది. నిత్యానందం ఎక్కడా కనిపించలేదు, ఇంట్లో కూడా.