తవుడు తూటాలు

ఆ రోజు ఉదయం అచ్యుతరామరాజుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, తునిలో కొనుక్కొచ్చిన యంత్రాన్ని ఎక్కడో ఒకచోట గట్టిగా బిగించాలి, నీటికాకుల అంతు చూడాలి. ఈ మూడింటిలో సజావుగా మొదలైంది కాఫీ ఒక్కటే. అది కూడా సగం గ్లాసు దగ్గర ఆగిపోయింది, చెరువు మీద మొదటి గుంపు దిగింది కాబట్టి.

రాజుగారికి కోపం ఎక్కువని ఊళ్ళో అంటారు. అన్యాయం. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువున్న ఏ మనిషికైనా నీటికాకిని చూస్తే ఒళ్ళు మండి తీరాలి. నల్లగా, నున్నగా, అప్పుడే తలంటుకున్నట్టు వస్తుంది. మునుగుతుంది. తేలేసరికి నోట్లో మన శీలావతి చేపపిల్ల. పైగా మన గట్టు మీదే నిలబడి రెక్కలు ఆరబెట్టుకుంటూ, రెండో వడ్డన ఎప్పుడన్నట్టు మనవైపే చూస్తుంది. దాన్ని చంపడానికి చట్టం ఒప్పుకోదు. చేపపిల్ల జానెడు దాటితే దాని గొంతులో పట్టదు, గండం గడిచినట్టే. రాజుగారి చెరువులో పిల్ల ఇంకా బెత్తెడు కూడా లేదు. జానెడు కావడానికి ఓ నెల పడుతుంది. ఈ నెల కాపాడుకుంటే పట్టుబడి ఉంటుంది. లేదంటే పోయినేడులాగే వలలో నాచు వస్తుంది.

దిష్టిబొమ్మ పెడితే దాని నెత్తి మీదే కూర్చున్నాయి. టపాకాయలు నాలుగు రోజుల్లో అలవాటు చేసుకున్నాయి. ఇక తుపాకీ చప్పుడే దిక్కని రాజుగారు తేల్చుకున్నారు. తాతగారి నాటి తుపాకీ ఇంట్లో ఉంది, దానికి లైసెన్సూ ఉంది. కానీ రోజూ కాల్చేటన్ని తూటాలు ఎవరిస్తారు? అలాంటి సమయంలో తునిలో హైవే పక్కన పాత ఇనుము కొట్లో, ఏదో జమీందారు బంగళా సామాన్ల మధ్య ఈ యంత్రం కనబడింది. పేలిపోయిన ఖాళీ తూటాని మళ్ళీ నింపి మూత బిగించే ప్రెస్సు అది. అడుగున ఇనుప దిమ్మ, పైకి ఒక స్తంభం, పక్కన మూరెడు పిడి. అందులో గుండు లేని ఉత్త చప్పుడు తూటాలు తయారు చేసుకుంటే ఎవరినీ దేబిరించక్కర్లేదనుకున్నారు.

తుపాకీ మందు కొనడానికి మాత్రం అనుమతి కావాలి. దాని కోసం ఆ ఆఫీసు వాళ్ళు ఈ ఆఫీసుకి, ఈ ఆఫీసు వాళ్ళు ఆ ఆఫీసుకి తిప్పారు. ఒక గుమాస్తా ఫోన్లో ప్రెస్సు ఫొటో చూసి, "కొబ్బరికాయ వలిచేదాండీ?" అని అడిగాడు. రాజుగారు ఫోన్ లాక్కుని మెట్లు దిగి వచ్చేశారు. మందు వచ్చేలోగా చెయ్యి తిరగాలి కదా అని, చేపల మేత బస్తాలోంచి తవుడు తీసి తూటాల్లో నింపి సాధన చేద్దామనుకున్నారు. వంటింటి గట్టు రాతిది, బోల్టు దిగలేదు. దాంతో నీలవేణిగారి పుట్టింటివాళ్ళు ఇచ్చిన టేకు భోజనాల బల్లకి నాలుగు చిల్లులు పొడిచి ప్రెస్సు బిగించారు.

"అన్నం తినే బల్లకి చిల్లులేంటండీ!" నీలవేణిగారు గరిటెతో సహా వచ్చారు.

"పిడి లాగితే ఊగకూడదే. బరువైన బల్ల ఉండాలి."

"అయితే నా నెత్తి మీద బిగించండి. మిమ్మల్ని చేసుకున్నప్పటి నుంచి అదీ బరువుగానే ఉంది!"

ఆ గొడవ తారస్థాయిలో ఉండగా పక్క చెరువు పల్లంరాజుగారు గుమ్మంలోకి వచ్చారు. ఇద్దరి చెరువుల మధ్య ఒకటే గట్టు. ఈయన కేక వేస్తే కాకులు ఆయన చెరువులో వాలతాయి, ఆయన డబ్బా కొడితే ఈయన చెరువులో వాలతాయి. ఇద్దరూ వరసకి బావాబావమరుదులు. ఏడాదిగా వాళ్ళు మాట్లాడుకున్నదంతా కాకుల గురించే, అందులో మర్యాదైన మాట కాకుల పేరొక్కటే.

"ఇదేంటి బావగారూ?" అన్నారు పల్లంరాజుగారు, ప్రెస్సు చుట్టూ తిరిగి చూస్తూ.

"కాకులకి బ్యాండు మేళమండి. రేపో మాపో మోగుద్ది. వాటి విడిది తమరి చెరువులోనే, ఏర్పాట్లు చూసుకోండి."

పల్లంరాజుగారు నవ్వి, ఇచ్చిన కాఫీ తాగి, లేచి వెళ్ళారు. గట్టు దాటగానే ఆయన నవ్వు పోయింది. ఈయన తుపాకీ మోగితే ఊళ్ళో కాకులన్నీ తన చెరువులోనే కాపురం పెడతాయి. తన చేపపిల్లా బెత్తెడే. ఆయన జామచెట్టు చాటుకి వెళ్ళి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశారు. పేరు చెప్పకుండా, ఫలానా ఇంట్లో తూటాల ఫ్యాక్టరీ నడుస్తోందని చెప్పారు.

మర్నాడు తెల్లవారుతూనే జీపు వచ్చింది. గట్టు రోడ్డు నిండా గేదెలు, మేత ట్రాక్టర్లు. డ్రైవరు ఊరి మొదటి నుంచి రాజుగారి వాకిలి దాకా సైరన్ ఆపకుండా మోగిస్తూ తెచ్చాడు. దిగినావిడ ఎస్సై ఆశాజ్యోతి. ఒంగోలు అవతల నుంచి బదిలీ మీద వచ్చి వారమైంది. వెనకాల హెడ్ కానిస్టేబుల్ ఎజ్రా, పుట్టి పెరిగింది ఇక్కడే.

లోపల టేకు బల్ల మీద ప్రెస్సు, దాని చుట్టూ బారులు తీరిన తవుడు తూటాలు. రాజుగారు పళ్ళు తోముకుంటున్న చేత్తోనే వచ్చారు. పొద్దున్నే చెప్పా పెట్టకుండా ఇంట్లోకి వస్తే ఎవరికైనా మండుతుంది. ఆయనకి ఇంకాస్త ముందే మండింది.

"ఏందండీ ఇవన్నీ?" ఎస్సై అడిగింది.

"కనబడట్లేదా అమ్మా? బాంబులండి. రాత్రి చుట్టి ఆరబెట్టాం. తమరికో డజను కట్టించమంటారా?"

"రాసుకోండి ఎజ్రా."

ఎజ్రా ఆమె చెవి దగ్గరికి వంగాడు. "మేడమ్, అది వెటకారమండి. ఇక్కడ అందరూ అలాగే మాట్లాడతారండి."

"తనే చేశానని తనే చెబుతుంటే మధ్యలో మీరేందండీ? రాసుకోండి. ఎవరికి పంపుతున్నారు ఇవి?"

"ఢిల్లీకండి," అన్నారు రాజుగారు పళ్ళు నూరుతూ. "రేపు లారీ వస్తుంది. మధ్యలో చెడిపోకుండా ఐసు కూడా వేస్తున్నామండి."

"ఐసు," అని ఎస్సై ఎజ్రా పెన్ను వైపు చూసింది. ఎజ్రా దేవుణ్ణి తలుచుకుని రాశాడు.

"ఇంట్లో ఇంకెవరికి తెలుసు?"

"మా ఆవిడే మేనేజరండి."

అప్పుడే ప్లేట్లలో పెసరట్లు పట్టుకొచ్చిన నీలవేణిగారి పేరు కూడా కాగితం ఎక్కింది. ఆవిడ ప్లేటు ఠపీమని పెట్టారు. "నన్నెందుకు రాస్తారమ్మా? బల్లకి చిల్లులు పొడిచారని నేనే ఈయన మీద కేసు పెడదామనుకుంటుంటే! తినండి ముందు. పట్టుకెళ్ళేవాళ్ళయినా ఖాళీ కడుపుతో పట్టుకెళ్ళకూడదు."

తుపాకీ, తూటాలు, ప్రెస్సు స్వాధీనం చేసుకోవాలన్నారు. ప్రెస్సు ఊడి రాలేదు. రాజుగారు కోపంలో బిగించిన బోల్టులు అవి, ఎవరి తరమూ కాలేదు. చివరికి భోజనాల బల్లనే ఆధారంగా నమోదు చేసి, మేత ఆటో ఎక్కించి స్టేషన్‌కి తరలించారు. ఊరంతా గట్టు మీద నిలబడి, ప్రెస్సుతో సహా నాలుగు కాళ్ళు పక్కకి చాపుకుని వెళ్తున్న బల్లని సాగనంపింది. తూటాల్లో ఏముందో తేలేదాకా ఊరు దాటొద్దని రాజుగారికి హుకుం.

రాజుగారు చేతులు పిసుక్కుంటూ చెరువు గట్టెక్కారు. తిట్టడానికి కాకులైనా ఉంటాయనుకున్నారు. చెరువు ఖాళీగా ఉంది. పక్కకి చూశారు, పల్లంరాజుగారి చెరువూ ఖాళీయే. ఒక్క కాకి కూడా లేదు. తెల్లారి దిగిన గుంపంతా ఆ సైరన్ కూతకి లేచి కొల్లేరు దారి పట్టింది. ఆ పూట అవి మళ్ళీ రాలేదు.

మర్నాడు హాలు కొలతలకని జీపు వచ్చింది. ఆ మర్నాడు ఫొటోలకని. తర్వాత చుట్టుపక్కలవాళ్ళ వాంగ్మూలాలకని. వచ్చినప్పుడల్లా గేదెలు అడ్డమే, సైరన్ మోతే. రాజుగారు నేల మీద పీట వేసుకుని అన్నం తింటూ కూడా మునుపటిలా తిట్టడం మానేశారు. చెరువులో పిల్ల బెత్తెడు దాటింది.

తర్వాత ఒక రోజు జీపు రాలేదు. ఎండ ఎక్కేసరికి కాకులు వచ్చాయి. రాజుగారు మండిపడుతూ స్టేషన్‌కి ఫోన్ చేశారు. "ఏంటండీ ఈ నిర్లక్ష్యం? బాంబులు చేసేవాణ్ణి ఇలా గాలికి వదిలేస్తారా? నేను పారిపోతే ఎవరండీ బాధ్యులు?"

ఫోన్ పెట్టేసరికి పల్లంరాజుగారు ఎదురుగా తల దించుకుని నిలబడి ఉన్నారు.

"బావగారూ, ఆ రోజు పోలీసులకి చెప్పింది నేనేనండి. నా కళ్ళలో నిప్పులు పొయ్యండి."

రాజుగారి మొహం కందగడ్డలా అయింది. పెళ్ళాం పుట్టింటి బల్ల, తాతగారి తుపాకీ, తన పరువు, అన్నీ ఆటో ఎక్కింది ఈ మహానుభావుడి వల్ల. చెయ్యి కూడా లేచింది. లేచిన చెయ్యి చెరువు వైపు తిరిగింది. అక్కడ ఓ కాకి శీలావతి పిల్లని గాల్లోకి ఎగరేసి మింగుతోంది.

"తమరి మొహం మండా అండీ," అన్నారు రాజుగారు. "చూస్తారేంటి? ఇంకోసారి చెయ్యండి ఫోను!"

ఆ రోజు నుంచి బావాబావమరుదులు ఒకటయ్యారు. పల్లంరాజుగారు గొంతు మార్చి, గడ్డివాములో ఏదో దాచారని ఓ రోజు, పశువుల పాకలో గొయ్యి తవ్వారని ఓ రోజు స్టేషన్‌కి చెప్పేవారు. జీపు వచ్చేది, సైరన్ మోగేది, కాకులు లేచేవి. నీలవేణిగారు పెసరట్లు పోసీ పోసీ విసిగిపోయి, "కాకులకి తప్పిన మేత ఇప్పుడు పోలీసులకి పెడుతున్నాం," అన్నారు. ఇక పదిరోజులు గడిస్తే పిల్ల జానెడు దాటుతుంది.

ఈలోగా ఎస్సై ఆశాజ్యోతికి ఈ ఊరి నీళ్ళు ఒంటపట్టాయి. కాకా హోటల్లో టీ ఉందా అని అడిగితే, "లేదండి, ఊరికే పొయ్యి వెలిగించి చలి కాచుకుంటున్నాం," అన్నాడు హోటలువాడు. బస్సు వెళ్ళిపోయిందా అని అడిగితే, "మీకోసం పాలకొల్లులో ఆపి ఉంచారండి," అన్నారు. మొదట ఆ బస్సు కోసం నిలబడింది కూడా. నిలబడ్డాక ఒళ్ళు మండింది, మండాక అర్థమైంది. ఆ సాయంత్రమే రాజుగారి వాంగ్మూలం మళ్ళీ చదువుకుని, ఐసు దగ్గర ఆగి, తల పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే రాజుగారు, పల్లంరాజుగారు గట్టు మీద చెవులు రిక్కించి కూర్చున్నారు. సైరన్ లేదు. ఎస్సై స్కూటీ మీద చడీచప్పుడు లేకుండా వచ్చి దిగింది. వెనకాల ఆటోలో ఎజ్రా, తుపాకీ, ప్రెస్సుతో సహా టేకు బల్ల.

"ల్యాబు వాళ్ళు తేల్చేశారు రాజుగారూ. తవుడంట. మంచి రకమంట. కేసు మూసేశాం."

"మూసేశారా?" రాజుగారు ఎగిరి లేచారు. "ఎవరినడిగి మూశారండీ? ముద్దాయిని నన్ను ఒక్క మాట అడగక్కర్లేదా? బాంబులు చేశానని ఒప్పుకున్నాను కదండీ!"

"ఒప్పుకున్నారు," ఎస్సై నవ్వింది. "ఢిల్లీ లారీ వెళ్ళిపోయిందాండీ? ఐసు సరిపోయిందా?"

"అప్పుడు వెటకారమండి, ఇప్పుడు నిజమండి! నేను చాలా ప్రమాదకరమైనవాణ్ణండి. కావాలంటే మా బావగారిని అడగండి."

"నిజమేనండి," అన్నారు పల్లంరాజుగారు కంగారుగా. "నేను సాక్షినండి. నన్నూ వేసుకోండి కేసులో. ఇంకో పది రోజులు, రోజూ పొద్దున్నే వచ్చి సోదా చెయ్యండి. సైరన్ మాత్రం తప్పనిసరండి."

ఆశాజ్యోతి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. మూడు వారాలుగా తనని ఊరంతా ఆడించింది చాలదన్నట్టు వీళ్ళు ఇంకా వదలడం లేదు. ఆమెకీ కోపం వచ్చింది. కాకపోతే ఇప్పుడు ఆ కోపాన్ని ఏ గిన్నెలో వడ్డించాలో తెలిసింది.

"ఆయ్, అలాగేనండి," అంది తాపీగా. "సైరన్ ఒక్కటే ఏం బాగుంటుందండీ? మిలిటరీని తీసుకొస్తాం, హెలికాప్టర్ కూడా చెబుతాం. ఓ రెండొందల మందికి పెసరట్లు పోయించి ఉంచండి."

స్కూటీ కిక్కురుమనకుండా వెళ్ళిపోయింది. ఎజ్రా బల్లని వాకిట్లో దించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కాడు.

"నిజం చెబుతుంటే నమ్మరేంటండీ!" రాజుగారి కేక గట్టు చివరిదాకా వినిపించింది. ఆ కేకకి కాకులేమీ బెదరలేదు. కొల్లేరు వైపు నుంచి వచ్చిన గుంపు గాలిలో ఒక చుట్టు చుట్టి, సగం ఈ చెరువులో, సగం ఆ చెరువులో, ఎవరికీ అన్యాయం జరగకుండా దిగింది.

మర్నాడు తెల్లవారుతూనే బావాబావమరుదులిద్దరూ స్టేషన్ మెట్లెక్కారు. పోలీసులు తన ఇంటికి రావడం మానేశారని ఫిర్యాదు చేసిన ముద్దాయి ఆ స్టేషన్ పుట్టిన దగ్గర నుంచి అచ్యుతరామరాజుగారొక్కరే.