నూట నలభై ఏడో కార్డు

ఆ రోజు ఉదయం అర్థాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవాలి, కార్డులన్నీ వరసలో పెట్టాలి, స్నానం చేయాలి, మధ్యాహ్నం మూడున్నరకల్లా పెట్టె తీసుకెళ్ళి ఆఫీసులో అప్పగించాలి. వీటిలో లేవడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

అర్థాలాయన అన్నది ఆ బిల్డింగులోని వాళ్ళు పెట్టిన పేరు. ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తాడు. రెండేళ్ళుగా ఆయన చేతిలో ఉన్నది ఒకే ఒక్క క్రియ, రన్. పైకి చూస్తే పసిపిల్లలకి కూడా తెలిసిన మాట. దిగితే ఊబి. ఆ భాషలో మనుషులూ పరుగెత్తుతారు, నీళ్ళూ పరుగెత్తుతాయి. ముక్కు, రంగు, పుకారు, బస్సు, దుకాణం, జ్వరం అన్నీ ఆ ఒక్క క్రియ మీదే బతుకుతున్నాయి. తెలుగులో అయితే ముక్కు కారుతుంది, రంగు దిగుతుంది, పుకారు పాకుతుంది, బస్సు నడుస్తుంది, దుకాణాన్ని మనం నడుపుతాం, జ్వరం మాత్రం పిలవకుండానే వస్తుంది. వాళ్ళు ఒక్క మాటతో నెట్టుకొచ్చే చోట మనకి ఇన్నెందుకు అన్న ప్రశ్న పట్టుకుందంటే ఆయనకి అన్నం సయించదు.

రెండేళ్ళలో రెండువందల పన్నెండు అర్థాలు పోగయ్యాయి. ఒక్కో అర్థానికి ఒక కార్డు. కార్డు మూలన చిన్న అంకె, మధ్యలో తెలుగులో ఒక ఉదాహరణ వాక్యం. ఆయన రాత కోడి గెలికినట్టు ఉంటుంది కాబట్టి కార్డులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో సాపు రాసిపెట్టింది ఆయన భార్య. ఆవిడ ఆస్పత్రి కౌంటర్లో పొద్దున ఆరింటి నుంచి రెండింటి దాకా పనిచేస్తుంది. ఇంటికొచ్చి ఈ కార్డులు రాస్తుంది. ప్రధాన సంపాదకురాలు చివరి గడువు కూడా పెట్టేసింది. ఇవాళ మూడున్నరకల్లా పెట్టె రాకపోతే "రన్: పరుగెత్తు" అని ఒక్క ముక్క వేసి అచ్చుకిచ్చేస్తానని ఫోన్‌లో చెప్పింది. రెండు రోజులుగా ఆయనకి అదే దిగులు.

ఆ ఇంట్లో ఇంకో ఏర్పాటుంది. ఒకరు ఇంట్లో ఉండే వేళకి ఇంకొకరు ఉండరు. అందుకని వంటింటి గుమ్మానికి అడ్డంగా ఒక తాడు కట్టారు. చెప్పాల్సిన మాట ఏదైనా ఒక కార్డు మీద రాసి, ఆ తాడుకి బట్టల క్లిప్పుతో తగిలించాలి. పని చేసినవాళ్ళు దాని మీద "అయింది" అని రాయాలి. కార్డులకి కొరత లేదు, ఆఫీసు నుంచి కట్టలకి కట్టలు వస్తాయి. పైగా ఆయనకి నోటితో చెప్పినా లాభం లేదు. "నాకు విసుగొస్తోందండీ" అని భార్య అంటే, "ఆహా, ఏదీ, మళ్ళీ అను" అని కలం తీసే మనిషి. రెండేళ్ళుగా ఆవిడ "మా అక్క ఊరికి ఒక్కసారి వెళ్ళొద్దాం" అంటోంది. ఆయన "ఈ క్రియ అవనీ" అంటున్నాడు.

ఆ ఉదయం తాడుకి ఒక కార్డు వేలాడుతోంది. ముత్యాల్లాంటి అక్షరాలు.

"ఓపిక అయిపోయింది. ఇవాళ నాలుగింటి బస్సుకి అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఎప్పుడొస్తానో తెలియదు. ఆపాలనుంటే ఆలోగా మాట్లాడండి."

అర్థాలాయన దాన్ని రెండుసార్లు చదివాడు. కళ్ళు చెమర్చాయి. నూట నలభై ఏడో అర్థం, ఒక వస్తువు అయిపోవడం. దానికి ఇప్పటిదాకా పాలు, సిరా లాంటివే దొరికాయి. కంటికి కనిపించనిది అయిపోయినట్టు ఒక ఉదాహరణ కావాలని పోయిన వారమే భార్యని అడిగాడు. "అడగ్గానే ఎంత బాగా రాసిందీ!" అనుకుని, మూలన 147 అని వేసి, పెట్టెలో పెట్టుకున్నాడు. అది ఉదాహరణ కాదు. నాలుగింటికి బస్సు నిజంగానే ఉంది, ఆవిడ సంచి సర్దుకున్న మాటా నిజమే.

పన్నెండింటికి రెండువందల రెండు కార్డులు వరసలోకి వచ్చాయి. మిగిలిన పది ఎక్కడ పెట్టాలో ఆయనకి తేలలేదు. బల్ల నిండిపోయింది. ఖాళీగా కనిపించిన తాడుకి ఆ పదీ తగిలించి స్నానానికి వెళ్ళాడు. ఆయన స్నానం గంటకి తక్కువ కాదు. ఒంటి మీద నీళ్ళు పారుతుంటే ఆ క్రియ పుట్టుక గురించి పైకే మాట్లాడుకుంటూ ఆలోచిస్తాడు. దాని పాత రూపాల్లో ప్రవహించడమూ పరుగెత్తడమూ రెండూ ఉన్నాయి. ముందు పరుగెత్తింది మనిషా, నీళ్ళా? ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారు? మొదటి కార్డు, అంటే కాళ్ళతో పరుగెత్తడం, ఆయన ఖాళీగా వదిలేశాడు. అంత తేలిక అర్థానికి ఉదాహరణ ఏమిటని ఆయన చులకన.

అంతలో బావమరిది లేచాడు. ఆవిడకి తమ్ముడు, ముప్పై ఐదేళ్ళవాడు, వీళ్ళ దగ్గరే ఉంటాడు, కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. ఎదురుగా ఏది రాసి ఉంటే దాన్ని నమ్మడం ఆయన వృత్తిధర్మం. ఆ రోజు ఆయనకి సాయంత్రం డ్యూటీ. కాఫీ కోసం వంటింటికి వచ్చినవాడు తాడు నిండా పనులు చూసి హడలిపోయాడు.

"కుళాయి కారుతోంది." సరే, ప్లంబరుకి ఫోన్ చేశాడు. "ఈసారి ప్రెసిడెంటు పదవికి నేను నిలబడుతున్నాను." ఆశ్చర్యపోయాడు గానీ పైకెళ్ళి బిల్డింగు ప్రెసిడెంటు గారికి చెప్పొచ్చాడు. "నాకు నూట మూడు జ్వరం." కంగారుపడి కింది అంతస్తు డాక్టరమ్మ తలుపు కొట్టాడు. "మతిభ్రమ మా వంశంలోనే ఉంది." దాని ముందు కాసేపు నిలబడ్డాడు. నూట మూడు జ్వరంతో పదవికి నిలబడుతున్న మనిషి విషయంలో అది నిజమే అయి ఉంటుందని ఆయనకి తోచింది. "ఆవిడని బండిలో బస్టాండు దాకా దింపిరా." ఆవిడంటే చిన్నక్కే అయి ఉంటుంది. తన ఆఫీసు వ్యాను కిందే ఉంది. అన్నిటి మీదా వరసగా "అయింది" అని రాసి, ఆఖరిదాని మీద "రెండున్నరకి" అని రాశాడు.

అర్థాలాయన తల నిండా సబ్బు ఉండగా నీళ్ళు ఆగిపోయాయి. తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేసరికి వంటింట్లో ప్లంబరు గోడలోంచి గొట్టం సగం పీకి కూర్చున్నాడు. ఎదురుగా డాక్టరమ్మ థర్మామీటరు పట్టుకుని నిలబడింది. ఆవిడ అప్పటికే తాడంతా చదివేసింది.

"కూర్చోండి. కంగారేం లేదు. ఇందాక లోపల ఎవరితో మాట్లాడుతున్నారు?"

"ఎవరితోనూ కాదండీ. ఒక మాట గురించి ఆలోచిస్తున్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళయింది."

"ఒకే మాటా?"

"మాట ఒకటేనండీ. అర్థాలు రెండువందల పన్నెండు."

డాక్టరమ్మ బావమరిది వైపు చూసింది. బావమరిది తాడు వైపు చూపించాడు. ఇంతలో మెట్ల మీద అలికిడయింది. పోట్లాటకొస్తాడని బావమరిది అనుకున్న ప్రెసిడెంటు గారు చేతులు జోడించి వచ్చాడు. ఆయన వెనక బిల్డింగు సగం వచ్చింది.

"పదేళ్ళ నుంచి మోస్తున్నానయ్యా! ఒక్కడంటే ఒక్కడు నిలబడతానన్నాడా? నువ్వు చల్లగా ఉండాలి. ఇదిగో రిజిస్టరు. ఏవమ్మా, ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరికీ లేదు. తల నిండా సబ్బుతో, తువ్వాలుతో, నోట్లో థర్మామీటరుతో అర్థాలాయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. చిలికి చిలికి గాలివాన అయిందనుకుంటే, అసలు వాన అప్పుడే మొదలైంది. ప్లంబరు లేచి, "కుళాయి బాగానే ఉందండీ. కానీ చూడ్డానికి విప్పాను కదా, అది విరిగింది. ముక్క తెచ్చేదాకా బిల్డింగు మొత్తానికి నీళ్ళు ట్యాంకు గదిలోనే ఆపి తాళం వేశా. ట్యాంకు గది తాళం ప్రెసిడెంటు దగ్గరుండాలంట, తీసుకోండి," అని తాళంచెవి ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. "నీళ్ళు ఆపడమేంటండీ?" "అధికారం వచ్చి అయిదు నిమిషాలు కాలేదు!" అని నలువైపులా అరుపులు. పాత ప్రెసిడెంటు గారు అందరికంటే గట్టిగా అరిచాడు. పదేళ్ళుగా పడ్డవాడు కదా.

ఆ గోలలోనే భార్య ఇంటికొచ్చింది. ముందు తాడు వైపు చూసింది. తన కార్డు అక్కడ లేదు. గుంపు మధ్యలోంచి వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"నా కార్డు చదివారా?"

"చదవకపోవడమేంటి! అద్భుతం. అంతకంటే బాగా ఎవరూ రాయలేరు."

ఆవిడ మొహం పాలిపోయింది. "అంటే మీకు అభ్యంతరం లేదా?"

"ఒక్క అక్షరం కూడా మార్చను."

"సరే," అని ఆవిడ లోపలికి వెళ్ళి సంచి తెచ్చుకుంది. గుమ్మం దగ్గర బావమరిది వ్యాను తాళాలతో సిద్ధంగా ఉన్నాడు.

"నన్ను దింపమని ఎవరు చెప్పార్రా?"

"బావే. కార్డు పెట్టాడు చిన్నక్కా."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడవకుండా వ్యాను ఎక్కింది. ఆవిడ వెళ్ళడం అర్థాలాయన చూడనే లేదు. సంపు గురించి ఎవరో నిలదీస్తుంటే గడియారం వైపు చూసి, చేతికందిన చొక్కా ప్యాంటు తొడుక్కుని, తాడు మీది పది కార్డులూ లాక్కుని, పెట్టె చంకన పెట్టుకుని వెనక మెట్ల మీదుగా తప్పించుకున్నాడు.

ఆఫీసుకి చేరేసరికి మూడూ ఇరవై అయిదు. ప్రధాన సంపాదకురాలు ఆయన జుట్టులో ఎండిన సబ్బు చూసింది, ఏమీ అడగలేదు. పదవీ విరమణకి నెలన్నర ఉన్న మనిషి, నిఘంటువు మనుషుల్ని చాలామందిని చూసింది. కార్డులు ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టింది. తిప్పేకొద్దీ మొహం విచ్చుకుంది.

"బాగుందయ్యా. మనం ఒక్కోదానికీ దాని నడక చూసి మాట పెట్టాం. వాళ్ళు అన్నిట్లోనూ కదలడం ఒక్కటే చూశారు. అంతే కదా నువ్వనేది?"

"అంతేనండీ!" రెండేళ్ళలో ఆ మాట అర్థం చేసుకున్న మొదటి మనిషి.

"మరి కొన్నిటి మీద ఈ 'అయింది' ఏంటి?"

"అది మా బావమరిది అభిప్రాయమండీ."

"మొదటిది ఖాళీగా ఉందే?"

"పరుగెత్తడమే కదండీ. దానికేముంది."

"నువ్వెప్పుడైనా పరుగెత్తావా?" అంటూనే ఆవిడ ఇంకో కార్డు తీసింది. చదివింది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివింది. నూట నలభై ఏడు.

"ఇదెవరు రాశారు?"

"మా ఆవిడండీ. పెట్టె మొత్తానికి అదే అందం."

"ఉదాహరణలో బస్సు టైము ఎందుకయ్యా?" అని ఆవిడ కార్డు వెనక్కి తిప్పింది. తిప్పి ఆయన ముందు పెట్టింది. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి కాబట్టి భార్య వెనకవైపు కూడా ఒక మాట రాసిపెట్టింది.

"ఇది ఉదాహరణ కాదు."

అర్థాలాయనకి ఇందాకటి మాటలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ వినిపించాయి. అద్భుతం అన్నాడు. ఒక్క అక్షరం కూడా మార్చనన్నాడు. ఆవిడ మొహం అలా ఎందుకు పాలిపోయిందో ఇప్పుడు తెలిసింది. గోడ గడియారంలో నాలుగుకి పన్నెండు నిమిషాలు తక్కువ. బస్టాండు అక్కడికి నాలుగు వీధులు.

"పెట్టె ఇక్కడ వదిలేసి వెళ్ళు. నేను చూసుకుంటా. నిలబడతావేంటయ్యా, పో!" అని సంపాదకురాలు కసిరింది.

ఆయన పరుగెత్తాడు. యాభై రెండేళ్ళ మనిషి, బడి వదిలాక మళ్ళీ ఎన్నడూ పరుగెత్తనివాడు. రెండో వీధిలో ఒక చెప్పు పోయింది. మూడో వీధిలో చెమటకి జుట్టులో సబ్బు మళ్ళీ నురగ కట్టి కళ్ళలోకి దిగింది. నాలుగో వీధి మలుపులో ఎదురైన బస్సు అప్పటికే కదిలి ఉంది. కిటికీలో ఆవిడ కనిపించింది. రెండు చేతులూ ఊపుతూ వెంటపడ్డాడు. లోపల ఎవరో "ఆపండయ్యా, పాపం నురగలు కక్కుతున్నాడు!" అని అరిస్తే డ్రైవరు ఆపాడు.

ఆయన మెట్టు పట్టుకుని రొప్పుతున్నాడు. ఆవిడ సీట్లోంచి లేవలేదు.

"దింపడానికి బండి కూడా పెట్టారుగా. మళ్ళీ ఎందుకొచ్చారు?"

"అది... నూట అరవై రెండో అర్థం... నీకు కాదు..." ఊపిరి అందలేదు. "వెళ్ళకు. నువ్వు లేకపోతే నాకు బాగుండదు."

"ఇది కూడా ఏదైనా ఉదాహరణా?"

"కాదు."

ఆవిడ ఆయన జుట్టు చూసింది, ఒంటి చెప్పు చూసింది. పాతికేళ్ళలో తనకోసం ఆయన నడక వేగం పెంచడం కూడా ఎరగదు. కోపం పూర్తిగా పోలేదు గానీ దాని పట్టు సడలింది.

"దిగను. రెండేళ్ళ నుంచి అడుగుతున్నా. మీరే ఎక్కండి."

"ఎక్కితే ఎక్కండి, లేకపోతే దిగండి సార్," అన్నాడు కండక్టరు. అర్థాలాయన ఎక్కాడు. జేబులో పైసా లేదు, ఆవిడే రెండు టికెట్లు తీసుకుంది.

ఊరి చివర దాటాక ఆవిడ సంచిలోంచి ఒక ఖాళీ కార్డు తీసి, ఒళ్ళో పెట్టుకుని ఏదో రాసి ఆయనకిచ్చింది. మూలన 1 అని అంకె. మధ్యలో, బస్సు కుదుపులకి కాస్త వంకర పోయిన ముత్యాల్లో, "మా ఆయన బస్సు వెనక పరుగెత్తాడు" అని ఉంది. ఆయన దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు. ఈసారి అక్కడ ఏమీ లేదు. ఆవిడ నవ్వింది, ఆయనా నవ్వాడు. కార్డు భద్రంగా దాచుకుందామని జేబులో చేయి పెడితే చల్లగా ఏదో తగిలింది. ట్యాంకు గది తాళంచెవి.

ఆ సాయంత్రం ఆ బిల్డింగులో, ఆ క్రియకున్న రెండువందల పన్నెండు అర్థాల్లో నీళ్ళకి సంబంధించినది ఒక్కటీ పనిచేయలేదు.